ప్రత్తి యాకుమచ్చ: ఒక పేరు, పెక్కు రూపములు



వ్యాకరణము చదివి బడిలోఁ బాఠములు చెప్పి విశ్రమించినవానికిఁ బ్రత్తితెగులుతోఁ బనియేమి యని మీలోఁ గొందఱు నవ్వుకొనవచ్చును. మాది నల్లరేగడి నేల. ఊరిలో ఇంటింటను ప్రత్తియే. నా యొద్దఁ జదివిన శిష్యుఁ డొకఁడు వ్యవసాయ పరిశోధనశాలలో నున్నాఁడు. అతఁడు సూక్ష్మదర్శినిలోఁ జూపినదియు, గ్రంథములవలన నేను గ్రహించినదియుఁ గొంత మనవి చేసెదను.

ముసురు విడువక పట్టిన దినములలోఁ బ్రత్తి క్రింది యాకులపై గోధుమవన్నె చుక్కలు పుట్టును. పెరిగినకొలఁది వానిలో ఒకదానిలో నొకటిగా వలయములు తేలును. పిమ్మట నడిమిభాగ మెండి రాలి, ఆకు జల్లెడ యగును. ఇది ఆల్టర్నేరియా యను శిలీంధ్రము చేయు పని. సెర్కోస్పోరా యను మఱియొక శిలీంధ్రపు మచ్చకు అంచు ఎఱ్ఱన, నడుమ బూడిదవన్నె. ఈనెల నడుమ ఇఱుకుకొని, నీరు పట్టినట్లు మూలలు తేలి కనఁబడు మచ్చ శిలీంధ్రమువలనఁ గలిగినదే కాదు. అది బాక్టీరియా పని. ఇన్నింటికిని మన రైతు పెట్టిన పేరు మచ్చ. దుకాణమున నడుగునది మచ్చమందు. అచ్చటివాఁడు మూఁడు మందులు కలిపి యిచ్చును. మూఁటిలో నేది దేనికో అడుగువాఁడు లేఁడు, చెప్పువాఁడును లేఁడు.

ఈ భేద మెఱిఁగినంతనే కథ ముగియదు. ఆల్టర్నేరియాలోనే ప్రత్తిని బట్టునవి ముఖ్యముగా రెండు జాతులు. 1904లో జిమ్మర్మన్ నామకరణము చేసిన మాక్రోస్పోరా సిద్ధబీజము పెద్దది; గదవలె నుండి, సన్నని పొడవైన తోఁక కలిగి, ఒంటిగాఁ బుట్టును. ఆల్టర్నేటా సిద్ధబీజములు చిన్నవి, పొట్టితోఁకవి, గొలుసుకట్టుగాఁ బుట్టును.

ఇఁక నసలు వింత వినుఁడు. ఒక్క జాతినే వేర్వేరు పొలముల యాకులనుండి తీసి, బంగాళాదుంపల రసము, చక్కెర, అగరు కలిపి గాజుపళ్లెములలోఁ బోసి, దానిపైఁ బెంచిరి. ఒకటి బొగ్గువలె నల్లన. ఒకటి బూడిదవన్నె. ఇంకొకటి ప్రత్తిపింజవలెఁ దెల్లగా నుబ్బినది. ఒకటి వారమునకే పళ్లెము నిండఁగా, వేఱొకటి సగము దాఁటలేదు. ఒకదానఁ బుట్టెడు బీజములు. ఒకదాన వెదకినను దొరకవు. అట్లని నల్లనిది క్రూరము, తెల్లనిది సాధువు అని తలఁపరాదు. రూపమునుబట్టి బలము తెలియదు. లేఁతమొక్కలపైఁ జల్లి చూచినఁగాని తేలదు. డి.ఎన్.ఏ.నుబట్టి చేసిన వర్గములును రంగునుబట్టి చేసిన వర్గములును ఒకటి కాకపోవుట కలదు.

మా వ్యాకరణమున బహుళ మని యొక మాట కలదు. అట్టి కార్యము కొన్నియెడల నిత్యముగాఁ గలుగును, కొన్నియెడలఁ గలుగనే కలుగదు, కొన్నియెడల వికల్పము, కొన్నియెడల మఱియొకటియే జరుగును. ఈ శిలీంధ్రమును జూచినపుడు నాకు ఆ మాటయే తోఁచినది.

ఆడుమగ కలయికవంటిది ఈ రెండు జాతులలోఁ గనఁబడలేదు గదా, ఇన్ని భేదము లెట్లు వచ్చెను? దాని కణమొకదానిలోఁ బెక్కు కేంద్రకము లుండును. రెండు పోఁగులు తాఁకి యతుకుకొన్నపుడు ఒకదాని కేంద్రకము రెండవదానిలోనికిఁ బోఁగలదు. అదిగాక, లెక్కకందని బీజములలో నెచ్చటనో యొకటి సహజముగనే మాఱుచుండును. ఆ మార్పు అచ్చటి ప్రత్తికిఁ దగినదైనచో దాని సంతతియే పొలమంతయు నాక్రమించును.

ఇందు రైతు బ్రతుకు చిక్కుకొని యున్నది. ఒక జిల్లానుండి తెచ్చిన యొక్క నమూనాతోఁ బరీక్షించి, ఈ వంగడము మచ్చకుఁ దట్టుకొనునని చెప్పినచో, ఆదిలాబాదున నిలిచినది గుంటూరున నిలువకపోవచ్చును. అప్పు తెచ్చి విత్తినవాఁ డెవరి నడుగవలెను? పలుచోట్ల నమూనాలు చేర్చి, అన్నింటిని ఎదుర్కొన్న పిదపనే విత్తనమును మెచ్చవలె ననుట నా యభిప్రాయము. 2002లో మన దేశమున ననుమతి పొందిన బి.టి. ప్రత్తి కాయతొలుచు పురుగుకొఱకు వచ్చినది. మచ్చకు దాని యండ లేదు.

మందుల విషయమును ఇట్టిదే. శిలీంధ్రమును బెక్కుచోట్ల దెబ్బకొట్టు మాంకోజెబ్ వంటిదానిఁ దప్పించుకొనుట కష్టము. ఒక్క మర్మమునకే గుఱిపెట్టు మందును మాటిమాటికిఁ జల్లినచో, దానికి లొంగని బీజములే మిగిలి పెరుగును. బాక్టీరియా మచ్చకు మాంకోజెబ్ మాత్రమే చల్లుట డబ్బు నేలఁ బోయుటయే. పొటాషు కొఱవడిన పైరుపై ఆల్టర్నేరియా మచ్చ మఱింత చెలరేఁగును. మందుకంటె ముందు దానిఁ జూచుకొనుఁడు. రాలిన తెగులాకులలో శిలీంధ్రము దాఁగి యుండును గాన, పంట ముగియఁగానే వానిని బొలమున నుండనీయకుఁడు.

మచ్చ కనఁబడినపుడు, పూర్తిగా నెండని యాకులు నాలుగైదు కోసి, పాత వార్తాపత్రిక మడతలలోఁ బెట్టి, పొలము పేరు, విత్తనము పేరు, విత్తిన దినము వ్రాసి, దగ్గఱి పరిశోధనస్థానమునకుఁ గొనిపొండు. ప్లాస్టిక్ సంచిలో మాత్రము పెట్టవలదు. దారిలోనే చెమ్మపట్టి కుళ్లి, వేఱు బూజులు పుట్టి, అసలు దొంగ కనఁబడకుండఁ బోవును.