శస్త్రచికిత్సా పరిభాష – మన ఇంటి మాటలు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన భాషను గూర్చి ఏదైన మాటలాడుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. పద్యమును గూర్చియు, నాటకమును గూర్చియు చెప్పగల సమర్థులు ఈ సభలో పెక్కురు గలరు. నేను కార్యాలయమున దస్త్రములతో కాలము గడపువాడను, వైద్యుడను కాను. అయినను మనవారెవరైన ఆసుపత్రిలో చేరినప్పుడు, వైద్యుడు చెప్పినది ఇంటివారికిని, ఇంటివారు చెప్పినది వైద్యునకును చేరవేయు పని చాల ఏండ్లుగా నాకు తగులుచున్నది. ఆ పనిలో ఎదురైన మాటల చిక్కులనే నేడు మీ ముందుంచుచున్నాను.

లోపలి అవయవములను చెప్పుకొనుటకు తెలుగునకు చాలినన్ని మాటలు లేవని మన పిల్లలు కొందరు అనుచుందురు. ఇది నిజము కాదు. ఊపిరితిత్తులు అను మాటను చూడుడు. కొలిమిలో నిప్పును ఊదు తోలుతిత్తి మనవారికి తెలిసినదే. ఈ ఊరి రైల్వే కార్ఖానాలో కమ్మరపని చేసిన పాతతరమువారికి మరింత బాగుగా తెలియును. ఊపిరిని పీల్చి విడుచు తిత్తి ఊపిరితిత్తి. ఆ అవయవము చేయు పని ఏమో పేరులోనే ఉన్నది. వెన్నులో పామువలె సాగినది వెన్నుపాము. మోకాలిపై చిప్పవలె నున్నది మోకాలిచిప్ప. గొంతులో వ్రేలాడు చిన్న ముక్కకు కొండనాలుక అని పేరు పెట్టుటయే గాక, దానికి మందువేయబోగా ఉన్న నాలుక ఊడినదని ఒక సామెతను కూడ కట్టి, తొందరపాటు వైద్యమును మనవారు వెక్కిరించిరి. ప్లీహము వాచి కడుపులో గట్టిగా చేతికి తగిలిన, మన ముసలివారు "బల్ల పెరిగినది" అందురు. మలేరియా ముదిరిన దేహమును చేతితో తడిమి చూచినవారు పెట్టిన పేరది.

వీటన్నిటికంటె నాకు నచ్చినది "ఇరువదినాలుగు గంటల నొప్పి" అను మాట. పాఠ్యగ్రంథములు అపెండిక్సునకు ఉండుకము అని పేరు పెట్టినవి. ఆ పేరు విన్న ఇల్లాలికి ఏమియు బోధపడదు. ఇరువదినాలుగు గంటల నొప్పి అన్నచో మాత్రము ఆమె వెంటనే బండి పిలిపించును. వ్యాధి ఏ అవయవమున పుట్టినదో ఆ పేరు చెప్పదు గాని, ఆలస్యము చేయరాదని చెప్పును. రోగికి కావలసిన మొదటి సంగతి అదియే గదా!

ఇంత చక్కని మాటలున్న మన భాషలో ఒక పెద్ద లోపము కూడ ఉన్నది. అది నరము. రక్తమును గుండెకు చేర్చు సిరయు నరమే. సూదిమందు "నరమునకు" ఇత్తురు. మెదడునుండి కదలికను, మెదడునకు స్పర్శను మోయు నాడియు నరమే; "నరముల బలహీనత" అని పత్రికలలో ప్రకటనలు చూచుచున్నాము. కండను ఎముకకు కట్టియుంచు స్నాయువును నరమే. మడమ వెనుక "నరము పట్టినది" అందుము. ఈ మూడును వేరు వేరు పదార్థములు. వాటికి వచ్చు రోగములు వేరు, చికిత్సలు వేరు. పిక్కలమీద నల్లగా ఉబ్బిన సిరలకు ఒక శస్త్రవైద్యుడు, నడుమునుండి కాలిలోనికి దిగు నాడీబాధకు ఇంకొక వైద్యుడు కావలెను. ముసలమ్మ "కాలి నరము పీకుచున్నదయ్యా" అని మాత్రమే చెప్పును. ఆ పీకుట ఏ నరమునదో తేల్చుట అనువాదకుని మెడకు చుట్టుకొనును.

ఆ అనువాదకుడు సాధారణముగా ఆమె మనుమడు. ఖరగపురమున పుట్టి, వంగ భాషలోనో హిందీలోనో ఆంగ్లములోనో చదివిన కుర్రవాడు. వానికి "సంస్కృత పదము వాడిన అందరికి తెలియును గదా" అని ఒక నమ్మకము. పెద్దవారిలోను ఈ నమ్మకము గలవారు కలరు. సంస్కృత పదము అన్ని భాషలలో ఉన్నమాట నిజమే. అన్ని భాషలలో దాని అర్థము ఒకటే యనుట మాత్రము నిజము కాదు.

స్నాయువునే తీసికొందము. సుశ్రుతుని శారీరస్థానములో స్నాయువులు 900 అని లెక్క యున్నది. అవి అవయవములను బంధించు త్రాళ్లవంటివి. తెలుగు పుస్తకములు ఆ అర్థమునకు దగ్గరగానే నిలిచినవి. వంగ భాషలో మాత్రము స్నాయు అన్నచో నాడి, అనగా ఆంగ్లమున నర్వు అనునది. మరాఠీలో స్నాయూ అన్నచో కండరము! ఒకే పదము మూడు ఇండ్లలో మూడు పనులు చేయుచున్నది. ఇక కండర విషయము: సుశ్రుతుడు 16 కండరలను చెప్పెను; అవి పెద్ద స్నాయువులు. మాంసపు ముద్దలను పేశులని 500గా లెక్కించెను. వంగ భాష పేశిని పేశిగానే ఉంచుకొన్నది. తెలుగువారము పేశిని ప్రక్కకు నెట్టి, కండ అను మన మాటతో పొత్తు కుదిరినందుననో ఏమో, దానికి కండరమని పేరు పెట్టుకొంటిమి. నాడి చూచుట మనకును వారికిని ఒక్కటే. కాని వంగదేశపు ఇల్లాలు "నాడిభుడి" అన్నచో అవి పేగులు. క్లోమము మనకు తీపిమూత్ర వ్యాధితో సంబంధము గల గ్రంథి. వంగ భాషలో క్లోమనాళి అనగా ఊపిరితిత్తులలోనికి పోవు గాలిగొట్టము. మన క్లోమమును వారు అగ్న్యాశయ మందురు. స్త్రీల దేహములోని ఒక అవయవమునకు మనవారు వాడు అండకోశ మను మాట వంగ భాషలో పురుషుల అవయవమునకు చెల్లును. కుటుంబములతో వచ్చిన సభ గనుక దీనిని ఇంతకంటె విస్తరింపను.

ఈ గందరగోళమునకు ఎవరిని తప్పుపట్టుటకును వీలులేదు. ఇచ్చటికి కొద్ది గంటల ప్రయాణమున నున్న కలకత్తాలో వైద్య కళాశాల 1835లో వెలసినది. ఆ మరుసటి ఏడు పండిత మధుసూదన గుప్తుడు అచ్చట మానవ దేహమును కోసి చూపెను. ఆయన వైద్య కుటుంబములో పుట్టిన సంస్కృత పండితుడు. సుశ్రుత సంహిత అచ్చుపనిని చూచినదియు, ఒక ఆంగ్ల శారీర గ్రంథమును సంస్కృతములోనికి తెచ్చినదియు ఆయనయే. ఒక చేత కత్తిని, ఒక చేత నిఘంటువును పట్టిన ఆ మహనీయుని ఎదుట ఉన్న చిక్కు నేడు మనకున్న చిక్కే: పాత గ్రంథములోని పేరు ఒకటి, కోసి చూడగా కనబడిన వస్తువు ఇంకొకటి. ఐరోపా శాస్త్రపదములను దేశభాషలలోనికి ఎట్లు తేవలెనని రాజేంద్రలాల మిత్ర 1877లో ఒక పొత్తమునే వ్రాసెను. మన వైపున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి శాస్త్రగ్రంథములను తెలుగున వెలువరించిరి. అటుపిమ్మట 1961లో కేంద్ర ప్రభుత్వము శాస్త్ర పరిభాషకై ఒక సంఘమును నియమించినది. 1968లో హైదరాబాదున తెలుగు అకాడమి ఏర్పడినది. ఏ భాషవారు తమ పనిని తాము శ్రద్ధగనే చేసిరి. ఒకే గనిలోని రాళ్లతో ఎవరి ఇల్లు వారు కట్టుకొనిరి. అన్ని భాషలవారును ఒకే వరండాలో వరుసగా కూర్చుండు ఖరగపురము వంటి ఊరు వారి లెక్కలో లేదు.

అవయవముల సంగతి ఇట్లుండగా, శస్త్రక్రియల పేర్లు మరింత కష్టమైనవి. ఇవి గ్రీకు మాటల అతుకులు. వీటి కీలకము తోకలో నున్నది. మనవారు తలను పట్టుకొని తోకను విడిచిపెట్టుచున్నారు. జీర్ణకోశమునకు సంబంధించిన మూడు మాటలను చెప్పెదను, వినుడు: గాస్ట్రెక్టమీ, గాస్ట్రాటమీ, గాస్ట్రాస్టమీ. మన చెవికి ఈ మూడును ఒక్కటే. మొదటిదానిలో జీర్ణకోశమును, పూర్తిగానో కొంతయో, తీసివేయుదురు. రెండవదానిలో కోసి తెరచి, పని ముగించి, కుట్టివేయుదురు. మూడవదానిలో పొట్టమీదినుండి లోనికి ద్వారమొకటి ఏర్పరచి, మ్రింగలేని రోగికి గొట్టముద్వారా ఆహారమిత్తురు. తీయుట, తెరచుట, ద్వారము పెట్టుట! రోగి తరువాతి బ్రదుకంతయు ఆ తోకను బట్టి మారును. పేరు చివర స్కోపీ అని వచ్చినచో అది చూచుట. ప్లాస్టీ అని వచ్చినచో అది బాగుచేయుట లేక మలచుట.

ఈ క్రియలకు మాటలు వెదకుకొనుటకు గ్రీకుదేశము పోనక్కరలేదు. సుశ్రుతుడు శస్త్రకర్మలను ఎనిమిదిగా విభజించెను: ఛేద్యము, భేద్యము, లేఖ్యము, వేధ్యము, ఏష్యము, ఆహార్యము, విస్రావ్యము, సీవ్యము. వీనిని తెలుగు చేసినచో కోసి తీయుట, కోసి తెరచుట, గీకుట, గ్రుచ్చుట, లోపల వెదకుట, పైకి లాగుట, కార్చుట, కుట్టుట. నేటి శస్త్రశాలలో జరుగు పనులలో చాలభాగము ఈ ఎనిమిది క్రియలలో ఏదో ఒకదానికి వచ్చును. ఆయన పట్టికలో అవయవముల పేర్లు లేవు, ఉన్నవన్నియు క్రియలే. నాకు ఇది మిక్కిలి తెలివైన పద్ధతిగా తోచుచున్నది.

అందుచేత నా మనవి యిది. అపెండిసెక్టమీకి నాలుగు సమాసములు గుదిగ్రుచ్చిన తెలుగు పేరు కావలెనని నేను కోరను. వాల్వు, పిస్టను, బోల్టు అను మాటలతోనే మనవారు తరతరములుగా ఇంజనులను విప్పి బిగించిరి. అందువలన తెలుగునకు ముప్పేమియు రాలేదు. గుండె కవాటము అనుటకంటె గుండె వాల్వు అన్ననే ఫిట్టరుగా పనిచేసిన మన పెద్దాయనకు చక్కగా తెలియును. బైపాసు సంగతి రైల్వేవారికి వేరుగా చెప్పవలెనా? ఆపరేషను పేరు ఆంగ్లముననే ఉండనిండు. దాని వెంట ఒక తెలుగు వాక్యము మాత్రము ఉండితీరవలెను. కర్త వైద్యుడు, ఆయన ఎట్లును ఉండును. కర్మ ఏది? ఏ అవయవము? క్రియ ఏది? తీయుటయా, తెరచుటయా, చూచుటయా, కుట్టుటయా? ఈ రెండును తెలియనిదే సంతకము చేయరాదు.

ఇది వ్యాకరణ చమత్కారము కాదు. 2008 జనవరిలో సుప్రీముకోర్టు ఒక తీర్పు చెప్పినది. 1995లో ఢిల్లీ నగరమున ఒక స్త్రీ సంతకము చేసిన పత్రములో ఉన్నది లాపరోస్కోపీ, అవసరమైనచో లాపరాటమీ. అనగా కడుపులోనికి చూచుట, కావలసివచ్చినచో కోసి తెరచుట. ఆమె మత్తులో నుండగా, వెలుపల కూర్చున్న తల్లి చేత అనుమతి పొంది, గర్భసంచిని, అండాశయములను తీసివేసిరి. ప్రాణాపాయమేమియు లేనప్పుడు, తెలివి గల వయోజనురాలికి బదులుగా తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదనియు, పరీక్షకై ఇచ్చిన సమ్మతి అవయవమును తీయుటకు సమ్మతి కాదనియు న్యాయస్థానము నిర్ణయించినది. చూచుటకు చేసిన సంతకము తీయుటకు పనికిరాదు. దేశపు అత్యున్నత న్యాయస్థానము క్రియాపదముల భేదమును పట్టించుకొన్నప్పుడు మనము పట్టించుకొనకుండుట తగునా?

ఈ సంగతిని మన ఆడపడుచులు ప్రత్యేకముగా వినవలెనని కోరుచున్నాను. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటిమీద నూటికి సుమారు 3; ఆంధ్రప్రదేశమున నూటికి సుమారు 9. దీనికి కారణములు పెక్కు గలవు. మాట ఒక్కటే కారణమని నేననను. కాని "పెద్ద ఆపరేషను" అను మాట చేయుచున్న కీడు చిన్నది కాదు. ఒక ఇంటిలో దానికి గర్భసంచి తీయుట యని అర్థము. ఇంకొక ఇంటిలో కడుపు కోసి బిడ్డను తీయుట యని అర్థము. ఏమి తీసిరో, అండాశయములు ఉన్నవో పోయినవో, పది సంవత్సరముల తరువాత వేరొక వైద్యుడు అడిగిన ఆమె చెప్పలేదు. కడుపు కోత అను మాటకు మన భాషలో బిడ్డను పోగొట్టుకొన్న తల్లి దుఃఖమని అర్థము గనుక, అమంగళమని ఆ పలుకు ఎవరును నోట రానీయరు. సరే, మానుడు. "గర్భసంచి తీసిరి, అండాశయములు ఉంచిరి" అనుటలో అమంగళమేమున్నది? ఆ నాలుగు మాటలు వ్రాసిన కాగితము పెట్టెలో పట్టుచీర క్రింద భద్రముగా దాచుకొనుడు.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాలు ప్రభుత్వము తెలుగునకు అధికార భాష హోదా నిచ్చుటకు నిశ్చయించినది. ఈ ఊరి తెలుగువారి సంఖ్యయే అందుకు ముఖ్యకారణము. సంతోషింపదగినదే. అయినను రైల్వే ఆసుపత్రులు కేంద్రమువారివి. కలకత్తాలోనో విశాఖలోనో మనము చూపించుకొను పెద్ద ఆసుపత్రుల కాగితములు ఆంగ్లముననే వచ్చును. వాటిని మార్పింతుమని కూర్చున్నచో కాలము గడచిపోవును, నొప్పి ఆగదు.

మన సంఘము చేయగల పని చిన్నది యొకటి యున్నది. మానవ దేహపు బొమ్మ నొక కాగితముమీద వేసి, ఒక్కొక్క అవయవము ప్రక్కన తెలుగున మన ఇంటి మాటను, వంగ, హిందీ భాషల మాటలను, ఆంగ్లనామమును, అన్నిటిని తెలుగు లిపిలోను వ్రాయింపవచ్చును. వెనుకవైపున ఎనిమిది క్రియలు. అచ్చువేయించి సభ్యుల ఇండ్లకు ఒక్కొక్కటి పంపినచో, ఆసుపత్రికి పోవునాడు మనుమడు దానిని జేబులో పెట్టుకొని పోవును; అవ్వ వ్రేలు పెట్టి చూపును. తప్పులు దిద్దుటకు మన సభ్యులలోని వైద్యులను, ఇరుగుపొరుగు వంగ మిత్రులను అడుగుదము. నరము అను మాటనుండి మాత్రము ఒక్క గీత చాలదు. మూడు గీతలు మూడు చోట్లకు గీయవలసి యుండును.