జడ విప్పే విద్య

అహోబిల నరసింహస్వామి పారువేట సంగతి మీలో చాలమందికి తెలిసినదే. కనుమ పండుగ మొదలుకొని నలభై రోజులకు మించి స్వామి పల్లకి ఆళ్ళగడ్డ చుట్టుపట్ల ముప్పైకి పైగా గ్రామాలకు విచ్చేస్తుంది. పల్లకి విడిది చేసిన ఊరికి ఆ రాత్రి తిరునాళ్ళ రాత్రే. అటువంటి ఒక రాత్రి, ఆళ్ళగడ్డకు దాపున ఒక పల్లెలో, నేను చూచిన జడకోలాటంతో ఈ ప్రసంగం ఆరంభిస్తాను.

పందిరి నడుమ దూలం నుంచి ఎనిమిది రంగుల తాళ్ళు వ్రేలాడుతున్నవి. ఎనమండుగురు పడుచువాళ్ళు ఎడమచేత తాడు, కుడిచేత కోల పట్టి వలయంగా నిలుచున్నారు. నలుగురు కుడివైపుకు, నలుగురు ఎడమవైపుకు కదిలారు. ఎదురైన ఒకరిని బయటినుంచి దాటడం, మరుక్షణం ఇంకొకరిని లోపలినుంచి దాటడం, దాటినప్పుడల్లా కోలకు కోల తగిలించడం. పాట ఇట్లా నడుస్తూ ఉంటే పైన తాళ్ళు జడగా అల్లుకొని క్రిందికి దిగివస్తున్నవి. నడుమ తాళాలు పట్టి నిలిచిన వృద్ధుడు ఆ దళానికి గురువు. జడ పూర్తి అయినది. జనం చప్పట్లు కొట్టారు. ఆ సద్దు అణగకముందే ఆయన ఒక్క కేక వేశాడు: "బయటోడు బయట్నే పోవల్ల నాయనా!" అందరూ ఒక్కుమ్మడి వెనుదిరిగారు. అల్లిన జడ అదే పాటకు, అదే లయకు, ఒక్క ముడి పడకుండా విడిపోయినది.

కొన్నేళ్ళకు ఆ పెద్దాయన కాలం చేశారు. శిష్యులు ఆట మానలేదు. ఆయన ఆడించినప్పుడు ఎవరో చేతిఫోనులో తీసిన చిత్రాన్ని ముందు పెట్టుకొని, చూచి చూచి అభ్యాసం చేశారు. మళ్ళీ పల్లకి వచ్చినది. జడ చక్కగా అల్లారు. విప్పబోయేసరికి మొదటి చుట్టులోనే తాళ్ళు పెనవేసుకొన్నవి. చివరకు తాళ్ళను దూలం నుంచి దించి, నేలమీద కూర్చుండి, చేతులతో విప్పుకొన్నారు. కారణం విచారిస్తే తేలినది ఇది: ఫోను పట్టిన మనిషి జడ పూర్తికాగానే, చప్పట్లతో పాటే చిత్రం ఆపివేశాడు. విప్పడం అందులో లేదు.

గురువు కేక నేనూ విన్నవాణ్ణే. కాని అప్పుడది ఉత్సాహం కొద్దీ వేసిన కేక అనుకొన్నాను. ఇంటికి వచ్చి, కుర్చీకి దారాలు కట్టి అల్లి చూచినప్పుడుగాని దాని అర్థం బోధపడలేదు. అల్లేటప్పుడు ఒక దాటు బయటినుంచి అయితే తరువాతి దాటు లోపలినుంచి. కాళ్ళకు అదే అలవాటు. విప్పేటప్పుడు మాత్రం, చివరి దాటులో బయటినుంచి వచ్చినవాడు వెనుదిరిగి మొదటి దాటులో మళ్ళీ బయటినుంచే పోవలె. ఆ ఒక్క దాటులో అలవాటును కాదనవలె. కాదనకపోతే ముడి. ఆ కేక ఉత్సాహం కాదు, విద్య. విద్య అంతా ఆ నాలుగు మాటలలో ఉన్నది.

ఈనాడు నేను మీకు మనవి చేయదలచినది ఇదే. మనం ఆటను భద్రపరుస్తున్నాము. ఆడించే మాటను భద్రపరచడం లేదు.

నంద్యాల మొదలుకొని ఆళ్ళగడ్డ వరకు, కర్నూలు-కడప కాలువ క్రింది పల్లెలలో, కోలాటమూ చెక్కభజనా ఎరుగని ఊరు అరుదు. కోలాటంలో ఆటగాళ్ళు సరిసంఖ్యలో ఉంటారు. జత జతను ఉద్ది అంటారు. ఒక్కొక్క పాటకు ఏర్పడిన ఆట తీరును కోపు అంటారు. ఏ కోపులో ఎవరు ఎవరికి ఎదురు పోవలెనో, ఎక్కడ వలయం రెండు కావలెనో, ఎక్కడ ఒకటి కావలెనో గురువు ఎరుగును. చెక్కభజనలో కోలలకు బదులు లోహపు బిళ్ళలు పొదిగిన కొయ్య చెక్కలు, కాళ్ళకు గజ్జెలు. గురువు చరణం అందిస్తే దళం అందుకొంటుంది. ఆయన పాదం మారితే దళం పాదం మారుతుంది. పాట విలంబంగా మొదలై, ముక్తాయింపు నాటికి ఉరుము వలె సాగుతుంది. ఆ వేగంలో తరువాతి అడుగు ఏదో చెప్పడానికి గురువుకు దొరికే వ్యవధి రెండు మూడు లెక్కలకు మించదు. ఒక మాట, ఒక ఈల, ఒక తాళపు దెబ్బ, అంతే.

గురువుల ఇండ్లలో నోటుపుస్తకాలు ఉంటవి. వాటిలో పాటలు వరుసగా వ్రాసి ఉంటవి. అడుగు ఉండదు. అడుగు వ్రాయవలసిన అవసరం ఆయనకు ఏనాడూ కలుగలేదు. అది ఆయన కాళ్ళలో ఉన్నది గనుక.

మన పండితులు ఈ విషయాన్ని ఉపేక్షించారని అనలేము. కాకతి గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని 1253-54 ప్రాంతంలో రచించిన నృత్తరత్నావళిలో ఎనిమిది అధ్యాయాలలో నాలుగింటిని దేశి నృత్తాలకే కేటాయించాడు. అందులో కర్రలతో ఆడే దండరాసకం కూడా ఉన్నది. మన కాలానికి వస్తే బిరుదురాజు రామరాజుగారి తెలుగు జానపద గేయ సాహిత్యం 1958లో వెలువడినది. నేదునూరి గంగాధరంగారు ఊరూరా తిరిగి పాటలు సేకరించారు. వీరి పుణ్యమా అని వేలకొలది పాటలు మిగిలినవి. అయితే పాటకు అక్షరం చాలును. అడుగుకు అక్షరం ఒక్కటే చాలదు.

చాలదనడానికి ఇంగ్లండు దేశపు ఉదాహరణ ఒకటి చెబుతాను. 1651లో జాన్ ప్లేఫోర్డ్ అనే ఆయన లండనులో జానపద నృత్యాల పుస్తకం ఒకటి ప్రకటించాడు. అందులో 105 నృత్యాలు. ప్రతిదానికీ స్వరమూ, క్రింద క్లుప్తంగా అడుగుల వివరమూ ఉన్నవి. నాడు ఆడేవారికి ఆ క్లుప్తత చాలును. కాలం మారినది, ఆ ఆట తీరు వాడుకలోనుంచి తొలగిపోయినది. ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో సెసిల్ షార్ప్ అనే సంగీతజ్ఞుడు ఆ నృత్యాలను మళ్ళీ ఆడించబూనుకొన్నాడు. ఒక్కొక్క మాటకు అర్థం ఊహించవలసి వచ్చినది. ఆయన చెప్పిన అర్థాలమీద తరువాతివారికి భేదాభిప్రాయాలు కలిగినవి. పుస్తకం ఉన్నది, స్వరం ఉన్నది. చెప్పే గురువు లేడు. 250 ఏండ్ల ఎడబాటు అటువంటిది.

ఆ నృత్యాలకు చుట్టమైనది అమెరికాలో నేటికీ సజీవంగా ఉన్నది. దానిని కాంట్రా నృత్యం అంటారు. రెండు బారులుగా ఎదురెదురు నిలిచి ఆడతారు. ఆడించేవానిని అక్కడ కాలర్ అంటారు, అనగా పిలిచేవాడు. పాట ఒక్క ఆవృత్తి అరవైనాలుగు లెక్కలు. అది పదహారేసి లెక్కల నాలుగు భాగాలు. కాలర్ మొదట వాద్యం లేకుండా అందరినీ మెల్లగా నడిపించి చూపుతాడు. వాద్యం మొదలైన పిమ్మట ప్రతి అడుగుకు రెండు మూడు లెక్కల ముందు ఆజ్ఞ పలుకుతాడు. ఆటగాళ్ళకు అలవాటు కుదిరిన కొద్దీ మాటలు తగ్గించి, చివరకు మౌనం వహిస్తాడు. మన చెక్కభజన గురువును ఎరిగినవారికి ఇది క్రొత్త సంగతి కాదు.

క్రొత్తది వేరొకటి ఉన్నది. ఆ దేశపు కాలర్లు ఒక్కొక్క నృత్యాన్ని ఒక్కొక్క చీటీమీద వ్రాసి పెట్టెలో దాచుకొనడం వాడుక. నాలుగు భాగాలు నాలుగు పంక్తులు. ఏ లెక్కమీద ఏ అడుగో, బారులు ఎట్లా నిలువవలెనో అందులో ఉంటుంది. ఇప్పుడు ఆ చీటీలే అంతర్జాలానికి ఎక్కినవి. కాలర్స్ బాక్స్, అనగా పిలిచేవాని పెట్టె, అనే పేరుతో వేలకొలది నృత్యాల పట్టిక అక్కడ ఉచితంగా దొరుకుతుంది. ఫలానా అడుగు ఉన్న నృత్యాలేవి అని అడిగితే ఏరి చూపుతుంది. న్యూ హాంప్‌షైర్‌కు చెందిన రాల్ఫ్ పేజ్ అనే సుప్రసిద్ధ కాలర్ 1949 నుంచి 1984 వరకు నడిపిన చిన్న పత్రిక సంచికలను అక్కడి విశ్వవిద్యాలయం గ్రంథాలయం అంతర్జాలంలో ఉంచినది. ఆయన 1985లో కన్నుమూశాడు. ఆయన మాట కన్నుమూయలేదు.

మనకు అంతర్జాలంలో ఏమున్నది? చాలనే ఉన్నది. పాత గేయసంకలనాలు బొమ్మలుగా తీసి ఉంచారు. కోలాటం అని అడిగితే యూట్యూబులో లెక్కలేనన్ని చిత్రాలు వస్తవి. తిరుమల బ్రహ్మోత్సవాలలో వాహనం ముందు ఆడే దళాలు మొదలుకొని, మన పల్లెలలో సాయంకాలం వేళ ఆడవారు అభ్యాసం చేసే దళాల వరకు అన్నీ కనబడతవి. వాటిని చూచి నేర్చుకొనే తల్లులు, అక్కచెల్లెండ్రు ఎందరో. ఇది సంతోషించవలసిన విషయం.

కాని ఆ చిత్రాలు ప్రేక్షకుని కన్నుతో తీసినవి, గురువు కన్నుతో తీసినవి కావు. నేలమీద నిలిచి తీసినందున ముందువరుస తప్ప వలయం కనబడదు. లౌడుస్పీకరు హోరులో గురువు ఆజ్ఞ వినబడదు. ఏ ఊరి కోపో, ఏ తాళమో, ఎన్ని ఉద్దులు కావలెనో చెప్పేవారుండరు. పైగా, అందరూ చూచే నాలుగు చిత్రాలనే అందరూ అనుకరిస్తే, ఊరికొక తీరుగా ఉన్న కోపులన్నీ ఒకే అచ్చుకు వస్తవేమో అన్న భయం కూడా లేకపోలేదు.

కనుక 2022లో ఏర్పడిన మన నంద్యాల జిల్లాలోని యువకులకు, ముఖ్యంగా కళాశాల విద్యార్థులకు, ఒక మనవి. మీ ఊరి గురువు వద్దకు వెళ్ళండి. ఆయన సమ్మతి మొదట తీసుకొనండి. తన పేరు ఎక్కడ, ఎట్లా ఉండవలెనో ఆయన్నే అడగండి. ఒక్కొక్క కోపుకు మూడు చిత్రాలు తీయండి. మొదటిది, గురువు ఒక్కరే కూర్చుండి, చేతితో తాళం వేస్తూ ఆజ్ఞలు మాత్రం పలకడం. రెండవది, రెండు ఉద్దులతో మెల్లగా, లౌడుస్పీకరు లేకుండా. మూడవది, నిండు దళంతో, ఎదుటి మిద్దె మీదనుంచి. మిద్దె మీదనుంచి చూస్తే వలయం ముగ్గు వలె కనబడుతుంది. చివరి అడుగు పడేదాకా, జడ పూర్తిగా విడిపోయేదాకా ఫోను దించవద్దు.

తరువాత ఒక కాగితం మీద ఆరు విషయాలు వ్రాయండి: పాట పల్లవి, తాళం, ఉద్దుల సంఖ్య, నిలిచే తీరు, ఏ లెక్కమీద ఏ ఆజ్ఞ, ఆ ఆజ్ఞకు ఏ అడుగు. గురువు ఏ మాట వాడితే ఆ మాటే వ్రాయండి, దిద్దవద్దు. వ్రాసినదాన్ని ఆయనకు చదివి వినిపించండి. ఇంకా మంచి పరీక్ష ఒకటున్నది. ఆ కోపు ఎరుగని పొరుగూరి దళానికి ఆ కాగితం ఇచ్చి ఆడమనండి. వారు ఎక్కడ తడబడితే అక్కడ మీ వ్రాత లోపించినదన్నమాట.

రేడియో పెట్టె ముందు కూర్చున్న మీకు ఈ మాట చెప్పడంలో ఒక ఔచిత్యం ఉన్నది. రేడియో అడుగును చూపలేదు. కాని ఆడించడమనే విద్య మొదట చెవికి సంబంధించినది. నిష్ణాతుడైన గురువు కంఠం ఒక్కటి వింటే, కన్ను మూసుకొన్నా దళం కదలిక తెలుస్తుంది. ఆ కంఠాలను ముద్రించవలసిన కాలం ఇదే.

ఆ పల్లె శిష్యులకు నేను దారాలతో తెలుసుకొన్న సంగతి చెప్పాను. తరువాతి పారువేటకు జడ విడిపోయినది. వారిలో పెద్దవాడు నా దగ్గరకు వచ్చి, "ఇంకెన్ని మాటలు ఆయనతోనే పోయినాయో సార్" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. మీ ఊళ్ళో గురువు ఇంకా ఉన్నట్లయితే, ఆ ప్రశ్న మీకు రాకుండా చూచుకొనే వ్యవధి ఇంకా ఉన్నది.