కంప్యూటర్ చెక్కుడు యంత్రం: ఆకారాలను నిరపాయంగా కోసే విధానం
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కొయ్యపని తెలుగువారికి కొత్త విద్య కాదు. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి చెక్కతోను, ఏటికొప్పాక లక్కబొమ్మ అంకుడు కర్రతోను రూపొందుతున్నాయి. కర్ణాటకలోని చన్నపట్నంలో లక్కబొమ్మలకు వాడే ‘ఆలె మర’ కూడా ఆ అంకుడు చెట్టే. రాష్ట్రాలు వేరైనా, భాషలు వేరైనా, పనివాడి చేతికి అందిన చెక్క ఒక్కటే. ఆ చేతికి నేడు ఒక కొత్త పనిముట్టు తోడైనది. తలుపులపై లతలు, పూజామందిరాలపై నగిషీలు, దుకాణాల ముందు నామఫలకాలు ఇప్పుడు చాలా ఊళ్లలో సి.ఎన్.సి. రౌటర్ అనే కంప్యూటర్ యంత్రంపైనే తయారవుతున్నాయి. ఈ పాఠశాలల్లో చదివిన పిల్లలు రేపు ఐ.టి.ఐ.లలోను, కార్ఖానాలలోను ఈ యంత్రం ముందు నిలబడవచ్చును. కనుక దాని పనితీరును, దానివల్ల కలిగే అపాయాన్ని ముందుగా తెలుసుకోవడం అవసరం.

అంకెలతో యంత్రాన్ని నడిపించే పద్ధతి ఇనుప పని నుండి వచ్చినది. హెలికాప్టర్ రెక్కల వంపులను కచ్చితంగా రూపొందించడానికి జాన్ పార్సన్స్ అనే అమెరికన్ చేసిన ఆలోచన దీనికి మూలం. 1952లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో, రంధ్రాలు పొడిచిన కాగితపు పట్టీ ఇచ్చే ఆదేశాల ప్రకారం నడిచే మిల్లింగ్ యంత్రాన్ని ప్రదర్శించారు. నేటి చెక్క యంత్రం ఆ వంశానికి చెందినదే. అందులో గిర్రున తిరిగే స్పిండిల్, దానికి బిగించిన బిట్, చెక్కను పరచే బల్ల ముఖ్య భాగాలు. ఎడమ-కుడి, ముందు-వెనుక, పైకి-కిందికి అనే మూడు దిశలలో బిట్ కదులుతుంది. ఎటు, ఎంత దూరం, ఎంత వేగంతో కదలాలో జి-కోడ్ అనే అంకెల భాష చెబుతుంది.

ఉలి పట్టిన చేతికి చెక్క స్వభావం తెలుస్తుంది. నార అడ్డం తిరిగితే, ముడి తగిలితే, ముక్క చీలబోతున్నదనిపిస్తే చేయి దానంతట అదే ఆగిపోతుంది. యంత్రానికి ఆ తెలివి లేదు. క్లాంపు అడ్డం వచ్చినా, ముక్క ఊడివచ్చినా, చెప్పిన దారిలో సాగిపోవడమే దానికి తెలుసు. కనుక చేతికి ఉండే ఆ వివేకాన్ని పని మొదలు కాకముందే, ఆలోచన రూపంలో యంత్రానికి సమకూర్చవలసి ఉంటుంది.

ఉదాహరణకు, 12 మి.మీ. ప్లైవుడ్ నుండి 30 సెం.మీ. ఎత్తుగల ‘పాఠశాల’ అనే మాటలోని అక్షరాలను కోయవలసి వచ్చినదనుకోవచ్చు. తెలుగు లిపి గుండ్రనిది కావడం ఇక్కడ ఒక అదృష్టం. గుండ్రని బిట్ లోపలి మూలలను సూటిగా కోయలేదు. తన వ్యాసార్ధమంత వంపును అక్కడ మిగులుస్తుంది. మన అక్షరాలలో అటువంటి మూలలు తక్కువ. అయితే కష్టమంతా ‘ఠ’ వద్ద వస్తుంది. వలయం మధ్యలో ఒక చుక్క ఉన్నది. దానికి వలయంతో సంబంధం లేదు. కోత పూర్తి కాగానే ఆ చుక్క విడిపోతుంది. చుక్కకు, వలయానికి మధ్యనున్న పనికిరాని భాగం కూడా విడిపోతుంది.

ఆకారాలను కోసేటప్పుడు అసలు అపాయం ఈ విడిపోయే క్షణంలోనే ఉన్నది. నిమిషానికి 16,000 సార్లు తిరిగే బిట్‌కు, చుట్టూ ఉన్న చెక్కకు మధ్య వదులైన ముక్క చిక్కుకుంటే, అది రాయివలె ఎగిరిపడవచ్చును. బిట్ విరిగి తునకలు లేవవచ్చును. కోత మొదట్లో ఎంతో ప్రశాంతంగా కనిపించిన యంత్రం చివరి పొర తెగే సమయంలో ప్రమాదకరంగా మారడానికి కారణం ఇదే.

దీనికి విరుగుడు ట్యాబ్. ఆకారం చుట్టూ పూర్తిగా కోయక, మూడు నాలుగు చోట్ల 6 నుండి 8 మి.మీ. వెడల్పు, 2 నుండి 3 మి.మీ. మందం గల చిన్న వంతెనలను మిగల్చాలి. అవి ముక్కను పలకతో కట్టి ఉంచుతాయి. వాటిని వంపులు తక్కువగా ఉన్నచోట పెడితే తరువాత నునుపు చేయడం సులభం. ‘ఠ’లోని చుక్క వంటి చిన్న ముక్కను రెండువైపులా అంటుకునే టేపుతో కింది పలకకు అతికించడం మంచిది. చుక్క చుట్టూ ఉన్న వ్యర్థ భాగాన్ని ముక్కగా కోయకుండా, మొత్తం పొట్టుగా చెక్కివేయడం ఇంకా క్షేమం. అప్పుడు ఎగిరిపడడానికి ముక్కే ఉండదు.

కోతల వరుస కూడా ముఖ్యం. లోపలి రంధ్రాలు ముందు, బయటి అంచు చివర. బయటి అంచు ముందే తెగితే, కదిలే ముక్కలో రంధ్రం చేయవలసి వస్తుంది. బిట్ గీతకు ఏ పక్కన నడవాలో కూడా నిర్ణయించాలి. 6 మి.మీ. బిట్ గీతపైనే నడిస్తే రెండు అంచులలోను 3 మి.మీ. చొప్పున పోతుంది, 30 మి.మీ. వెడల్పు ఉండవలసిన అక్షరపు గీత 24 మి.మీ.కు తగ్గిపోతుంది. కనుక అక్షరం బయటి అంచును గీతకు వెలుపల, లోపలి ఖాళీని గీతకు లోపల కోయాలి.

లోతును ఒక్కసారిగా కోయరాదు. 12 మి.మీ. పలకను 3 మి.మీ. చొప్పున నాలుగు దఫాలుగా కోస్తే బిట్‌పై భారం తగ్గుతుంది. పలక కింద మరొక వాడుక పలకను పరచి, చివరి దఫా దానిలోకి 0.2 మి.మీ. మేర దిగేట్లు చూడాలి. పలక మందాన్ని దుకాణదారు మాటపై నమ్మక, వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవాలి.

వేగం విషయంలో ఒక చిన్న లెక్క ఉన్నది. రెండు అంచుల బిట్ నిమిషానికి 16,000 సార్లు తిరుగుతూ, ఒక్కొక్క అంచు 0.1 మి.మీ. చెక్కను తీస్తే, నిమిషానికి 3,200 మి.మీ. ముందుకు సాగాలి. చిన్న యంత్రం అంత వేగాన్ని భరించలేకపోతే తిరుగుడును కూడా తగ్గించాలి. నెమ్మదిగా నడపడమే క్షేమమని భావించడం పొరపాటు. నడక మందగించి తిరుగుడు తగ్గకపోతే బిట్ కోయక రాచుకుంటుంది, చెక్క మాడుతుంది, నిప్పురవ్వ పుడుతుంది. అది పొట్టు లాగే గొట్టం ద్వారా సంచిలోకి చేరి, చాలాసేపటి తరువాత మంటగా లేవవచ్చును. పొట్టు చిన్న రేకులుగా రావాలి. పిండిగా వస్తే, మాడు వాసన తగిలితే యంత్రాన్ని ఆపి కారణం వెతకాలి. యంత్రం నడుస్తుండగా మనిషి అక్కడినుండి కదలరాదు.

పలకను బిగించిన క్లాంపులు, మేకులు బిట్ దారిలో లేవని నిర్ధారించుకోవడానికి, మొదట బిట్‌ను చెక్కకు పైన గాలిలోనే ఒకసారి పూర్తిగా నడిపించి చూడాలి. ఆ అయిదు నిమిషాలు వృథా కావు.

ఇక శరీర రక్షణ. కంటికి అద్దాలు, చెవికి రక్షణ, ముక్కుకు తగిన మాస్కు తప్పనిసరి. కర్రపొడిని మనుషులలో క్యాన్సర్ కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే వర్గీకరించినది. చేతితొడుగులు రక్షణ అనుకోవడం సహజమే కాని, తిరిగే బిట్ వద్ద అవి చేతిని లోపలికి లాగుతాయి. పైట, చున్నీ, గాజులు, వదులు చేతుల చొక్కా, విరబోసిన జుట్టు కూడా అంతే. అత్యవసరంగా ఆపే ఎర్ర మీట చేతికి అందేంత దూరంలోనే నిలబడాలి. మీట నొక్కిన తరువాత కూడా బిట్ కొంతసేపు తిరగవచ్చును. అది పూర్తిగా నిలిచేవరకు ముక్కను ముట్టరాదు. బిట్ మార్చేటప్పుడు కరెంటు తీసివేయాలి.

చివరకు ట్యాబులను కోసి అక్షరాన్ని విడదీసే పని మళ్లీ చేతికే వస్తుంది. ముక్కను బల్లకు బిగించి, సన్నని రంపంతోనో ఉలితోనో, అవతలి చేయి పదును ఎదుట లేకుండా ఆ వంతెనలను తెంచాలి. ఉప్పుకాగితంతో రుద్ది అంచును నునుపు చేయాలి. యంత్రం ఎంత కోసినా పనికి ముగింపు ఇచ్చేది చేయే. చేతిపని చేసేవానికి వేలు అంటే అవయవం మాత్రమే కాదు, కుటుంబానికి అన్నం పెట్టే ఆధారం. పోయిన పలకకు బదులు మరొక పలక దొరుకుతుంది. పోయిన వేలుకు బదులు లేదు.

ఈ బడిలో పలకపై ‘అ’ దిద్దిన చేతులు రేపు చెక్కలో అక్షరాలను కోయవచ్చును. ఆ అక్షరాలు అందంగా రావాలి. ఆ చేతులు క్షేమంగా ఉండాలి.