శాపం ఎవరి మీద ఉంది?

(తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల పల్లెల్లో జరిగిన సభలలో మాట్లాడిన మాటల పాఠం)

 

మేము ఇవాళ ఒకే ఒక్క మాట గురించి మాట్లాడటానికి వచ్చాము. ఆ మాట శాపం. మన పల్లెల్లో ఈ మాట వినని ఇల్లు లేదు. ఊరివాళ్లు చెప్పే కథ ఒకటుంది. మన మూలపురుషుడు కామధేనువు మాంసం తిన్నాడట, అందుకని శాపం తగిలి మనం ఊరి బయట పడ్డామట. కర్మ అనేవాళ్లు పోయిన జన్మ పాపం అంటారు. ఈ రెంటినీ కాదని గుడిసెలోంచి గుళ్లోకి నడిచి బైబిలు చేతబట్టుకున్నాం గదా, ఇప్పుడక్కడా కొందరు బోధకులు అదే మాట ఎత్తుకున్నారు. మీ తాతల పాపం మీ మీద ఉంది, తరతరాల శాపం ఉంది, ఉపవాస కూటానికి రండి, కానుక వెయ్యండి, శాపం విరగ్గొడతాం అంటున్నారు. కూలి డబ్బు కవర్లో పెట్టి ఇచ్చే తల్లులను మేము చూశాము. ఊరు పెట్టిన పేరునే గుళ్లో కూడా పెడితే మనం ఎక్కడికి పోవాలి? అందుకే మెస్సీయను నమ్మినవాళ్లుగా, అంబేద్కర్ బిడ్డలుగా, ఆ పుస్తకమే తెరిచి అడుగుదాం. శాపం ఎవరి మీద ఉంది?

మొదటి పుస్తకం ఆదికాండం. ఏదెను తోటలో తప్పు జరిగింది. దేవుడు పామును శపించాడు, నేలను శపించాడు. ఆదామును గానీ హవ్వను గానీ శపించినట్టు అక్కడ లేదు. వాళ్లకు కష్టం చెప్పాడు, చెమట చెప్పాడు, అంతే. మరి బైబిల్లో దేవుడి శాపం తగిలిన మొదటి మనిషి ఎవరు? కయీను. ఏం చేశాడు? తమ్ముణ్ణి పొలంలోకి తీసుకుపోయి చంపాడు. నీ తమ్ముడెక్కడ అని అడిగితే నేనేమన్నా వాడికి కాపలానా అన్నాడు. అప్పుడు దేవుడు, మట్టిలో ఇంకిన రక్తం అరుస్తోంది, నాకు వినబడుతోంది అన్నాడు. గమనించండి. శాపం చచ్చిపోయినవాడి మీద పడలేదు, చంపినవాడి మీద పడింది.

ఇప్పుడు చుండూరు సంగతి చెప్పుకుందాం. తెనాలికి ఎంత దూరం? 1991 జూలైలో సినిమా హాల్లో కాలు తగిలిందన్న తగువు. దాని మీద సాంఘిక బహిష్కరణ. ఆగస్టు 6న పోలీసుల కళ్లెదుటే మన వాళ్లను తరిమి తరిమి పొలాల్లో నరికారు. ఎనిమిది మందిని చంపారు. శవాలను గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. కయీను కూడా పొలంలోనే చంపాడు. కయీను కూడా నాకేం తెలుసు అన్నాడు. మరి శాపగ్రస్తులు ఎవరు? గోతంలో ఉన్నవాళ్లా, గోతం మూతి కట్టినవాళ్లా?

ఇక నోవహు కథ. చాలామంది ఈ కథ పట్టుకుని జాతులకు జాతులనే శపించారు. నోవహు ద్రాక్షారసం తాగి మత్తులో బట్టల్లేకుండా పడున్నాడు. కొడుకు హాము చూశాడు. మెలకువ వచ్చాక నోవహు హామును కూడా కాదు, హాము కొడుకు కనానును శపించాడు. శపించింది దేవుడు కాదు, మత్తు దిగిన ముసలాయన. అయినా అమెరికాలో తెల్ల దొరలు ఈ కథనే చూపించి ఆఫ్రికా మనుషులు పుట్టుకతోనే శపించబడ్డ జాతి, బానిసలుగానే ఉండాలి అని గుళ్లో బోధించారు. మనువు పాదాల కథ చెప్పాడు, వాళ్లు నోవహు కథ చెప్పారు. కథ వేరు గానీ పని ఒకటే. ఊరికే పనిచేసేవాళ్లు కావాలంటే ముందు వాళ్లకో శాపం అంటగట్టాలి.

బాపట్ల అన్నలకు ఇంకో ఉదాహరణ ఇంటి పక్కనే ఉంది. స్టూవర్టుపురం. తెల్లవాళ్లు 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు, 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. ఎరుకల కుటుంబాలను పుట్టుకతోనే దొంగలు అని కాగితం మీద రాసి, ఆ సెటిల్‌మెంటులో పెట్టి సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పజెప్పారు. ఉయ్యాల్లో ఉన్న బిడ్డ ఏం దొంగతనం చేసింది? ఆ చట్టం 1952లో రద్దయింది. చట్టం పోయినా పేరు పోవడానికి ఎన్ని తరాలు పట్టింది! శాపం అంటే అదే. ఆకాశం నుంచి ఊడిపడేది కాదు, కచేరీలో కూర్చుని రాసేది.

మరి బైబిల్లో శాపాల జాబితా లేదా అంటే ఉంది. ద్వితీయోపదేశకాండం ఇరవై ఏడో అధ్యాయం ఇంటికెళ్లి చదవండి. చదువురాని వాళ్లు పిల్లల చేత చదివించుకోండి. ఏబాలు కొండ, గెరిజీము కొండ దగ్గర జనమంతా నిలబడతారు. లేవీయులు గొంతెత్తి పన్నెండు శాపాలు చెబుతారు. పొరుగువాడి సరిహద్దు రాయి జరిపినవాడు శాపగ్రస్తుడు. గుడ్డివాణ్ణి దారి తప్పించినవాడు శాపగ్రస్తుడు. పరదేశికి, తండ్రి లేని బిడ్డకు, విధవరాలికి న్యాయం తప్పించినవాడు, చాటుగా పొరుగువాణ్ణి కొట్టినవాడు, లంచం పుచ్చుకుని ఏ పాపం ఎరగనివాణ్ణి చంపినవాడు. మిగతావీ ఇలాంటివే. ఆ పన్నెండింటిలో ఎక్కడా పుట్టుక లేదు. కులం లేదు. చెప్పులు కుట్టినవాడు అని లేదు, చచ్చిన గొడ్డును మోసినవాడు అని లేదు. అన్నీ పనులు. చేసిన పనికి శాపం గానీ పుట్టినందుకు శాపం లేదు.

హెబ్రీ భాషలో ఆ మాట ఆరూర్. ప్రతి శాపం తర్వాత జనమంతా ఆమేన్ అనాలి. ఎందుకు అనిపించారు? ఇవి చాలావరకు రాత్రిపూట, చాటున, సాక్షి లేకుండా చేసే పనులు. గట్టు జరిపేవాడు పట్టపగలు జరపడు. కోర్టుకు దొరకనివాణ్ణి ఊరంతా కలిసి ఇది తప్పు అని నోటితో అనాలి. ఆమేన్ అంటే అదీ. మొక్కుబడిగా పలికే మాట కాదు, సాక్ష్యం.

చుండూరులో ఈ ఆమేన్ చెప్పింది ఎవరు? మన కూలోళ్లు. పదహారేళ్లు నిలబడి సాక్ష్యం చెప్పారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టాలని పోరాడి పెట్టించుకున్నారు. 2007 జూలై 31న ఆ కోర్టు ఇరవై ఒక్క మందికి యావజ్జీవం, ముప్పై అయిదు మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. కోర్టు వదిలిపెట్టవచ్చు. మట్టిలో రక్తం వదిలిపెట్టదు. మేము ఇది ఎవరినీ తిట్టడానికి చెప్పడం లేదు. సాక్ష్యం చెప్పిన వాళ్లు ఓడిపోలేదని చెప్పడానికి చెబుతున్నాము.

ఇక తండ్రి పాపం కొడుక్కి అంటుకుంటుందనే మాట. యెహెజ్కేలు ప్రవక్త కాలంలో కూడా జనం ఇట్లాంటి సామెతే చెప్పుకున్నారు. పులుపు తిన్నది తండ్రులైతే పళ్లు పులిసింది పిల్లలకు అని. దేవుడు ఆ సామెత ఇక మీ నోట వినబడకూడదు అన్నాడు. ఎవరి తప్పు వాళ్లదే అన్నాడు. పద్దెనిమిదో అధ్యాయమంతా అదే. తరతరాల శాపం అని మీ దగ్గర కవరు అడిగేవాళ్ల ముందు ఆ అధ్యాయం తెరిచి పెట్టండి. వాళ్లేం చెబుతారో విందాం.

రేపల్లె వాళ్లకు ఉప్పెన సంగతి మేము చెప్పాల్సిన పని లేదు. 1977 నవంబరు 19. దివిసీమ, ఈ తీరం అంతా ఊడ్చిపెట్టుకుపోయింది. వేల మంది పోయారు. అప్పుడూ దేవుడి కోపం అన్నవాళ్లున్నారు. సముద్రపు నీరు కులం అడిగి రాలేదు, నిజమే. కానీ పల్లంలో గుడిసె ఎవరిది? మేడ ఎవరిది? యేసు దగ్గరికి ఇలాంటి ప్రశ్నే వచ్చింది. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చారు. వాళ్లు మిగతా వాళ్లకంటే పాపులనుకుంటున్నారా, కాదు అని తేల్చి చెప్పాడు. పుట్టు గుడ్డివాణ్ణి చూపించి వీడి పాపమా, అమ్మానాన్నల పాపమా అని శిష్యులడిగితే రెండూ కాదన్నాడు.

ఆయన కాలంలో కూడా పైవాళ్లు ఏమన్నారో యోహాను సువార్త ఏడో అధ్యాయంలో ఉంది. ధర్మశాస్త్రం తెలియని ఈ మందంతా శాపగ్రస్తులు అన్నారు. చదువు రానివ్వనిది వాళ్లే, చదువు లేదని శపించిందీ వాళ్లే! శంబూకుడి తల ఎందుకు పోయిందో తెలిసిన మనకు ఈ మాట కొత్త కాదు. ఆ సభలో నీకొదేము అనే ఒక్కడు లేచి, మనిషి మాట వినకుండా తీర్పు చెప్పడం మన ధర్మశాస్త్రంలో ఉందా అని అడిగాడు. నువ్వూ గలిలయవాడివేనా అని వాణ్ణీ వెక్కిరించారు. దళితుల పక్షాన నోరు విప్పిన వాణ్ణి, నువ్వూ ఆ పల్లెవాడివేనా అన్నట్టు.

ఇప్పుడు అసలు మాటకొద్దాం. మాను మీద వేలాడినవాడు శాపగ్రస్తుడు అని ధర్మశాస్త్రంలో ఉంది. యేసు మన కోసం శాపమయ్యాడని పౌలు గలతీయులకు రాశాడు. దీని అర్థమేంటి? ధర్మశాస్త్రంలో ఆ మాట ఎక్కడుందో చూడండి. వేలాడదీసిన శవాన్ని రాత్రంతా ఉంచవద్దు, అదే రోజు పాతిపెట్టండి అని చెప్పే చోట ఉంది. యూదు పెద్దలు దీనికో కథ చెప్పారు. ఇద్దరు కవలలు. ఒకడు రాజయ్యాడు, ఒకడు దొంగై ఉరికంబం ఎక్కాడు. చూసిన ప్రతివాడూ రాజు వేలాడుతున్నాడు అన్నాడట. మనిషి దేవుడి పోలిక గనక మనిషి శవాన్ని అవమానిస్తే అవమానం దేవుడికే అని వాళ్లు అర్థం చెప్పారు. అంటే ఆ మాట శవాన్ని తన్నడానికి కాదు, శవానికి గౌరవం ఇవ్వడానికి. అందుకే అరిమతయియ యోసేపు ధైర్యం చేసి పిలాతు దగ్గరికి పోయి, పొద్దుగూకక ముందే శవాన్ని అడిగి తెచ్చుకున్నాడు. చుండూరులో మన వాళ్లు కూడా కాలవలో నుంచి తమ వాళ్లను తెచ్చుకుని ఊళ్లోనే పాతారు. ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు.

యేసును శాపగ్రస్తుడిగా నిలబెట్టింది రోము ప్రభుత్వం, గుడి పెద్దలు. ఊరి గవిని బయట చంపారు. హెబ్రీయులకు రాసిన పత్రికలో ఈ సంగతి ఉంది, మనమూ ఆ బయటికే ఆయన దగ్గరికి పోదాం అని ఉంది. ఊరి బయట అంటే వెలివాడ. మనం ఉన్నచోటే. దేవుడు ఆయన్ను మూడో రోజు లేపాడు. అంటే పై కోర్టు కింది కోర్టు తీర్పును కొట్టేసింది. శాపం అన్న ముద్ర అబద్ధం అని తేల్చింది. ఇక ఆ ముద్రను ఎవరి మీదైనా వెయ్యడానికి ఎవరికీ హక్కు లేదు. మెస్సీయ శాపం మోశాడు అంటే మనం ఓర్చుకుని పడుండమని కాదు. ముద్ర చెరిగింది, లేచి నిలబడమని.

కారంచేడు మర్చిపోవద్దు. 1985 జూలైలో, మాదిగలు తాగే మంచినీళ్లలో గేదెల మురికి కలిపితే అడిగినందుకు గొడవ. మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తి అడ్డుకుంది. మర్నాడు, 17న, దాడి చేసి ఆరుగురిని చంపారు. ఆ తల్లి పేరు సువార్త. నీళ్ల బిందె ఎత్తిన ఆ చేతిలోనే మాకు సువార్త కనబడుతోంది. ఆ రక్తంలో నుంచే దళిత మహాసభ పుట్టింది, 1989 అట్రాసిటీల నిరోధక చట్టం వెనక ఆ పోరాటమూ ఉంది.

ఇక మతం మారితే ముద్ర పోయిందా? 1842లో హయ్యరు దొర గుంటూరు వచ్చాడు. 1878 కరువు నాటి జూలైలో ఒంగోలు వైపు క్లౌ దొర మనుషులు ఒకే రోజు రెండు వేల పైచిలుకు మందికి బాప్తిస్మమిచ్చారు. చేబ్రోలు దగ్గర కొన్ని మాదిగ కుటుంబాలు మేము ఎఫ్రాయీము గోత్రం అని యూదు ప్రార్థనామందిరం కట్టుకున్నాయి. ప్రతివాళ్లూ వెతికింది ఒకటే, శపించని దేవుణ్ణి. కానీ 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైన దళితుణ్ణి షెడ్యూల్డు కులం కాదంది. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చందోలు పోలీసు స్టేషనులో ఒక పాస్టరు పెట్టిన కేసు కొట్టేస్తూ, క్రైస్తవం పుచ్చుకున్నవాడికి అట్రాసిటీ చట్టం రక్షణ లేదంది. తిట్టేవాడు మాత్రం ఏ దేవుడికి మొక్కుతున్నావని అడిగి తిడతాడా? కులం పేరు పెట్టే తిడతాడు. కొట్టేటప్పుడు కులం ఉంటుంది, కేసు పెట్టేటప్పుడు కులం ఉండదు. ఈ మెలికను విప్పేదాకా మనకు నిద్ర ఉండకూడదు.

చేయవలసిన పనులు చెప్పి ముగిస్తాము. శాపం విరగ్గొడతామనే వాళ్లకు పైసా ఇవ్వవద్దు. ఆ డబ్బు పిల్ల ఫీజుకు కట్టండి. మాల గుడి, మాదిగ గుడి అని వేరువేరుగా కూర్చునే చోట ఒకే బల్ల దగ్గర కూర్చోండి. మనలో మనం వెలివేసుకుంటే ఊరిని అడిగే నోరు ఉండదు. మన గట్టు జరిపితే, శ్మశానం ఆక్రమిస్తే అదే రోజు పదిమంది కలిసి పోయి కాగితం రాసివ్వండి. సాంఘిక బహిష్కరణ చేస్తే ఊరుకోవద్దు. 2016 నుంచి అది అట్రాసిటీ చట్టంలో నేరమని స్పష్టంగా చేర్చారు. ఎఫ్.ఐ.ఆర్. నకలు అడిగి తీసుకోండి, అది ఉచితం. డి.ఎస్.పి. స్థాయి అధికారే దర్యాప్తు చెయ్యాలి. సాక్షులను ఒంటరిగా వదలకండి. కోర్టుకు పోయే రోజు పల్లె మొత్తం వాళ్ల వెంట నడవాలి.

ఎవరన్నా మిమ్మల్ని శాపగ్రస్తులంటే తల దించుకోవద్దు. ఆ పన్నెండు శాపాలు వాళ్లకే చదివి వినిపించండి. ఒక్కో శాపం చదివాక ఆగండి. పల్లె పల్లె అంతా కలిసి ఆమేన్ అందాం.

జై భీమ్!