పెద్ద బైనాక్యులర్‌తో మన డాబా మీది ఆకాశం



2022 ఏప్రిల్ 2వ తేదీ. మనకు ఉగాది, మన మరాఠీ ఇరుగుపొరుగు వారికి గుడిపాడ్వా. ఆ సాయంత్రం ఏడున్నర దాటాక చంద్రపూర్ జిల్లా ఆకాశంలో నిప్పుముక్కల వంటివి బారులు తీరి సాగిపోవడం చాలామంది చూశారు. ఉల్క అన్నవారున్నారు, విమానం కూలిపోతోందని భయపడినవారున్నారు. సిందేవాహి తాలూకా లాడ్‌బోరీ గ్రామంలో సుమారు పది అడుగుల వెడల్పున్న లోహపు చక్రం ఒకటి వచ్చి పడింది. అది చైనావారి లాంగ్ మార్చ్ రాకెట్ శకలమని నిపుణులు అభిప్రాయపడ్డారు. మామూలు ఉల్క ఒకటి రెండు క్షణాల్లో మాయమవుతుంది. ఇవేమో నింపాదిగా, ఒకదాని వెంట ఒకటి నడిచాయి. రోజూ ఆకాశం వంక చూసే అలవాటున్న వాళ్ళు ఆ నడక చూసే ఇది ఉల్క కాదని చెప్పగలరు.

ఆ అలవాటు తమ పిల్లలకు చేయాలనుకునే తల్లిదండ్రులు మొట్టమొదట అడిగే మాట, "ఏ టెలిస్కోపు కొనమంటారు?" అని. మొదట అసలు టెలిస్కోపే కొనవద్దంటాను నేను. తక్కువ ధర టెలిస్కోపుకు స్టాండు వణుకుతుంది, కనిపించే ఆకాశం చాలా ఇరుకు, చుక్కను వెతికి పట్టుకోవడమే ఒక తపస్సు. రెండు వారాలకు అది బీరువా ఎక్కుతుంది. బైనాక్యులర్ అలా కాదు. రెండు కళ్ళతో చూస్తాం, బొమ్మ తలకిందులు కాదు, ఒకేసారి విశాలమైన ఆకాశం కనిపిస్తుంది. ఒకవేళ చుక్కల మీద మోజు తగ్గినా, తాడోబాలో జంతువులను, చెరువుల మీద పక్షులను చూసుకోవచ్చు. డబ్బు వృథా పోదు.

మరాఠీలో దుర్బీణ్ అంటారు, మనం దుర్భిణి అంటాం. దూరపు దాన్ని చూపేది అనే అర్థంలో పారశీకం నుంచి రెండు భాషలకూ వచ్చిన మాట అది. దాని మీద 10 ఇంటూ 50 అనో, 15 ఇంటూ 70 అనో రాసి ఉంటుంది. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందో చెబుతుంది. రెండోది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. చుక్కలకు ఈ రెండో అంకే ముఖ్యం. చీకట్లో మన కంటిపాప మహా అయితే 7 మిల్లీమీటర్లు విచ్చుకుంటుంది. 70 మిల్లీమీటర్ల అద్దం దానికి పది రెట్లు వెడల్పు, అంటే వైశాల్యంలో వంద రెట్లు. అంత వెలుగును పోగుచేస్తుంది కాబట్టే కంటికి ఆనని చుక్కలు బయటపడతాయి.

అయితే 15 ఇంటూ 70 బైనాక్యులర్ సుమారు కిలోన్నర బరువుంటుంది. పదిహేను రెట్లు పెద్దదిగా చూపిస్తుందంటే, మన చేతి వణుకును కూడా పదిహేను రెట్లు చూపిస్తుందన్నమాట. చేత్తో పట్టుకుని చూస్తే చుక్కలు మిణుగురుల్లా తిరుగుతాయి. కాబట్టి ఫోటోగ్రాఫర్లు వాడే గట్టి స్టాండు, దానికి బిగించే చిన్న కమ్మీ, ఈ రెండింటి ఖర్చూ కలిపే లెక్క వేసుకోండి. అంత పెట్టలేకపోతే 10 ఇంటూ 50 తో ఆగండి. పడక కుర్చీలో వాలి మోచేతులు ఆనించి దాన్ని హాయిగా వాడుకోవచ్చు. పెద్దదాన్ని కూడా ఆరంభంలో డాబా పిట్టగోడ మీద ఇసుక సంచి వేసి, దాని మీద ఆనించి చూడవచ్చు. దుకాణంలోనే దూరపు దీపస్తంభాన్ని చూసి పరీక్షించండి. ఒక దీపం రెండుగా కనిపిస్తే, కళ్ళు లాగుతున్నట్టుంటే ఆ ముక్క వద్దనండి. ఎర్రగా మెరిసే అద్దాలవి, "వంద రెట్లు జూమ్" అని అట్టమీద రాసినవి ముట్టుకోకండి.

ఇప్పుడు ఎక్కడ నిలబడాలి? పుస్తకాలన్నీ ఊరి దీపాలకు దూరంగా చీకటి చోటుకు వెళ్ళమంటాయి. చంద్రపూర్‌లో ఆ సలహా పనికిరాదు. ఇక్కడ చీకటి ఉన్నచోట పులి కూడా ఉండవచ్చు. రాత్రిపూట పొలాల్లోకి, అడవి అంచుకు పిల్లల్ని తీసుకువెళ్ళవద్దు. మీ డాబా చాలు. దుర్గాపూర్ థర్మల్ కేంద్రం వెలుగు, బొగ్గు గనుల దుమ్ము, దక్షిణాన బల్లార్షా దీపాలు ఉన్నమాట నిజమే. వెలుగున్న ఆకాశంలోనే పెద్ద అద్దం విలువ తెలిసేది. వీధిదీపం కంటపడకుండా ఒక దుప్పటి అడ్డం కట్టి, ఇరవై నిమిషాలు చీకట్లో కూర్చుని, ఆ తర్వాత చూడండి.

ఏం చూడాలన్నది మన పంచాంగమే చెబుతుంది. జన్మనక్షత్రం కృత్తిక, పుష్యమి, మూల అని గుడిలో అర్చన చేయిస్తాం కదా, వాటిని ఒక్కసారైనా కళ్ళారా చూశామా? నవంబరులో చీకటి పడ్డాక తూర్పున లేచే కృత్తికను మన పల్లెల్లో పిల్లలకోడి అంటారు. మామూలు కంటికి ఆరేడు చుక్కలు. బైనాక్యులర్‌లో డజన్ల కొద్దీ, నీలిరంగు మెరుపుతో. పుష్యమి దగ్గర కంటికి పలచటి పొగలా కనబడేది నిజానికి ఒక తారల గుంపు. అది చంద్రపూర్‌కు దాదాపు సరిగ్గా నడినెత్తి మీదుగా పోతుంది. స్టాండుతో నడినెత్తిని చూస్తే మెడ విరుగుతుంది కాబట్టి, జనవరిలో రాత్రి తొమ్మిదింటికి అది తూర్పున ఉండగానే చూసేయండి. మూల, వృశ్చికం తోకలో ఉంది. వానలు ఆకాశాన్ని కడిగి వెళ్ళాక, అక్టోబరు మొదట్లో చీకటి పడగానే నైరుతిన ఆ తోక పక్కనే రెండు తారాగుచ్ఛాలు కనిపిస్తాయి. పెద్ద బైనాక్యులర్‌కు వీటిని మించిన విందు లేదు.

ఇంగ్లండులో ఉపాధ్యాయుడిగా పనిచేసిన జార్జ్ ఆల్కాక్, 1983 మే 3న తన ఇంట్లో, మూసిన కిటికీ అద్దం గుండా, 15 ఇంటూ 80 బైనాక్యులర్‌తో ఒక తోకచుక్కను కనిపెట్టాడు. జపానులో హ్యకుటకే 1996 జనవరిలో తోకచుక్కను పట్టింది కూడా బైనాక్యులర్‌తోనే, చాలా పెద్దదానితో. అయినా ఆల్కాక్‌కు తన ఊరినుంచి చూసే వీలులేనిది ఒకటి మనకు ఉంది. ఒమేగా సెంటారి, సుమారు కోటి నక్షత్రాల బంతి. ఇంగ్లండులో అది ఉదయించనే ఉదయించదు. మే నెల మధ్యలో రాత్రి పదింటికి మన దక్షిణాన, దిగంతం నుంచి నడినెత్తికి నాలుగోవంతు ఎత్తులో, మసకబారిన పత్తికాయలా ఉంటుంది. బల్లార్షా దీపాలకు ఆవల రాజురా, గోండ్‌పిప్రీ వైపు ఉన్నవారికి, వార్ధా దాటి ఆసిఫాబాద్ వైపు ఉన్నవారికి ఇంకా బాగా కనిపిస్తుంది.

చంద్రుణ్ణి పౌర్ణమినాడు చూడకండి, కళ్ళు మిరుమిట్లే తప్ప ఏమీ ఉండదు. అష్టమినాడు చూడండి, వెలుగునీడల సరిహద్దులో గుంటలు లోతుగా కనిపిస్తాయి. 1610లో గెలీలియో చూసిన గురుగ్రహపు నాలుగు చంద్రులూ, స్టాండు కదలకపోతే, మీకూ చిక్కుతాయి. శని వలయాలు మాత్రం ఇందులో విడిగా తెలియవు. పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

దీపాల సంగతి. నాగపూర్‌కు ఉత్తరాన ఉన్న పెంచ్ పులుల అభయారణ్యం 2024 జనవరిలో దేశంలో మొదటి డార్క్ స్కై పార్కుగా గుర్తింపు పొందింది. చుట్టుపక్కల గ్రామాల్లో వీధిదీపాలను వెలుగు కిందికే పడేలా మార్చారు. దీపాలు ఆర్పలేదు, తొడుగు వేశారు, అంతే. మీ గల్లీ దీపానికి అటువంటి తొడుగు అడగడం నగరపాలికకు పెద్ద ఖర్చు కాదు. ఇరుగుపొరుగును ఒకసారి డాబా మీదికి పిలిచి కృత్తికను చూపించి అప్పుడు అర్జీ మీద సంతకం అడగండి, తేలికవుతుంది.

ఇక అద్దాల సంరక్షణ. మన గాలిలో బొగ్గు ధూళి ఉంది. చీరకొంగుతోనో పంచెతోనో తుడిస్తే ఆ ధూళే అద్దం పూతను గీకేస్తుంది. ముందు ఊదుడు బుడ్డితో ధూళి ఎగరగొట్టి, ఆ తర్వాతే మెత్తటి బట్ట తాకించండి. వానాకాలంలో బూజు పట్టకుండా పెట్టెలో సిలికా జెల్ పొట్లం వేయండి. పగలు ఆ పెట్టెకు తాళం వేసి, తాళంచెవి పెద్దల దగ్గర ఉంచండి. దీంతో సూర్యుని వంక చూస్తే, ఒక్క క్షణమైనా సరే, చూపు శాశ్వతంగా పోతుంది. గ్రహణం రోజునైనా అంతే.