పరీక్ష లేని చదువు

ఉద్యోగాలు ముగిసినవాళ్లు చరిత్ర, సాహిత్యం సొంతంగా ఎలా చదువుకోవాలో చెప్పమని ఈ ఉపన్యాసం ఏర్పాటు చేసిన కుటుంబం వారు అడిగారు. ఉపదేశం ఇచ్చేకంటే, మన గోదావరి పల్లె నుంచి వచ్చి అలా చదివిన ఒకాయన సంగతి చెబుతాను.

పోడూరు మండలంలో మినిమించిలిపాడు ఉంది. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు 1891లో అక్కడే పుట్టారు. ఆయనకు కాలేజీ డిగ్రీ లేదు. అయినా ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయన్ను పిలిచి చరిత్ర శాఖలో అధ్యాపకుణ్ణి చేసింది. ఆయన ఇంగ్లీషులో రాసిన రెడ్డిరాజ్యాల చరిత్రను 1948లో అచ్చువేసింది. పట్టాలున్నవాళ్లు ఇవాళ్టికీ ఆ పుస్తకం తిరగేయందే ఆ కాలం గురించి రాయలేరు.

ఇది చెప్పగానే ‘స్వయంకృషి’ అని చప్పట్లు కొడతాం. నాకు ఆ మాట మీద కొంచెం అనుమానం. శర్మగారు ఒంటరిగా చదవలేదు. మద్రాసులో కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారి విజ్ఞాన సర్వస్వం పనిలో చేరారు. ఆధారం అడిగే పెద్దమనిషి పక్కన ఉండటం మామూలు అదృష్టం కాదు. తరవాతి రోజుల్లో నేలటూరి వెంకటరమణయ్యగారితో కలిసి ప్రోలయనాయకుడి విలస తామ్రశాసనాన్ని పరిష్కరించారు. పరీక్ష లేదు కాబట్టి తొందర లేదు. తప్పు పట్టే మనిషి ఉన్నాడు కాబట్టి అలసత్వమూ లేదు.

ఆ చదువు ఏమిచ్చిందో చూడండి. 1323లో ఓరుగల్లు పడిపోయింది. తరవాత ఏమైందంటే పాఠ్యపుస్తకాలు గబుక్కున విజయనగరానికి దూకేసేవి. మధ్యలో ఖాళీ. శర్మగారు ఆ ఖాళీలోనే కూర్చున్నారు. రాజమహేంద్రవరం రెడ్డిరాణి అనితల్లి 1423లో వేయించిన కలువచేరు శాసనం ఉంది. దానమిచ్చేది ఆవిడ; అందులో ఆవిడకంటే వందేళ్ల కిందటి ముచ్చట నాలుగు మాటల్లో ఉంది. ముసునూరి ప్రోలయ, అతని తరవాత కాపయ, కాపయను కొలిచిన డెబ్భై అయిదుగురు నాయకులు, కాపయ పోయాక ఎవరి చోటికి వాళ్లు వెళ్లిపోవడం. దానశాసనంలో జనం దాటేసే ఈ భాగం మీద నిలబడి, మరిచిపోయిన అధ్యాయం అంటూ ఆయన ఒక పుస్తకమే రాశారు.

ఇక మన వాకిట్లో సంగతి. కొల్లేటి మీద అందరికీ తెలిసిన కథ ఒకటుంది: గజపతి కోట, శత్రువులు నీళ్లు తీసెయ్యడానికి ఉప్పుటేరు తవ్వడం, సేనాని కూతురి బలి. చెప్పుకోవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కర్ణాటకలోని ఐహోళె శాసనంలో మరో కొల్లేటి యుద్ధం ఉంది. అక్కడి తేదీ శకవర్షం 556. డెబ్భై ఎనిమిది కలపండి, 634 వస్తుంది. చాళుక్యరాజు రెండో పులకేశి విజయాలు చెబుతూ ఆ శాసనం రాసిన కవి రవికీర్తి కునాల జలాలను పేర్కొన్నాడు. అవి కొల్లేరేనని పండితులు గుర్తించారు. ఆ దండయాత్ర తరవాతనే పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడు వేంగిలో కుదురుకున్నాడు. ఆ వేంగే మన పెదవేగి. ఏలూరు నుంచి ఆటోలో పోయే దూరం.

సొంతంగా చదివేవాళ్లకు పెద్ద ప్రమాదం ఊరి మీద మమకారం. ముసునూరు పేరు కనిపించగానే కులం ముందుకొస్తుంది, కోట కథ వినగానే తేదీ వెనక్కి పోతుంది. ఆ కథను పారెయ్యమనడం లేదు. అది జనం జ్ఞాపకం, శాసనం ఆస్థానకవి పొగడ్త. రెండింటినీ అనుమానించాలి, ఒక్కో రకంగా. ఇవాళ కొల్లేటి లంకల్లో ఎవర్ని కదిపినా సరస్సు హద్దు చెప్పే అయిదో కాంటూరు, చేపల చెరువులు, 2006లో వాటి గట్లు కొట్టడం గురించే మాట్లాడతారు. బతుకు సమస్య కాబట్టి తప్పదు. అయితే సరస్సు హద్దు, దాని మీద హక్కు అన్న తగాదా చాలా పాతదని తెలిసినవాడు మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది.

పై నెల నుంచి ఇక్కడే నలుగురం కూర్చుందామని నిర్వాహకులతో అన్నాను. మొదటిది ఐహోళె శాసనం, తెలుగు తాత్పర్యంతో. సంస్కృతం వచ్చినవారు ఒక్కరున్నా చాలు. కునాలం కొల్లేరు కాదని వాదించేవారుంటే తప్పకుండా రావాలి, ముందు వరసలో కుర్చీ వేయిస్తాను.