మాత్ర మరిచినోడు మన మనిషే
(వినుకొండలో చేసిన ప్రసంగ పాఠం)



1895లో గుర్రం జాషువా పుట్టిన ఊరిది. అంటరానోడి గోడు మనుషులు వినకపోతే గబ్బిలానికి చెప్పించాడాయన. రెండు గ్లాసుల పద్ధతి మీద కొట్లాడినోళ్లం మనం. అట్లాంటి మనమే ఇవాళ మన పల్లెలో హెచ్ఐవి వచ్చినోడికి గ్లాసు వేరుగా పెడుతున్నాం. వాడికి మత్తు అలవాటు కూడా ఉంటే పిచ్చోడంటున్నాం, చేతబడంటున్నాం. అది పిచ్చీ కాదు, చేతబడీ కాదు. మెదడు కణాలకు తగిలిన దెబ్బ.

ఎట్లాగంటే, రక్తంలో ఉన్నదంతా మెదడులోకి పోకుండా అక్కడి రక్తనాళాల గోడలే కంచెలా కాస్తాయి. హెచ్ఐవి ఒంట్లో చేరిన కొద్ది వారాల్లోనే తెల్లకణాల్లో దాక్కుని ఆ కంచె దాటుద్ది. లోపల నరాల కణాల్లోకి చొరబడదు. వాటికి కాపలా ఉండే మైక్రోగ్లియా కణాల్లో కాపురం పెట్టుద్ది. అక్కణ్ణుంచి విషపు ప్రోటీన్లు, వాపు పుట్టించే రసాయనాలు బయటికొస్తాయి. పక్కింట్లో ఎండుమిరపకాయలు మాడితే మనింట్లో దగ్గు రాదా? ఇదీ అంతే. నరాల కణాల కొమ్మలు దెబ్బతిని, ఒక కణం కబురు ఇంకో కణానికి సరిగా అందదు.

ఇక రెండో నిప్పు మత్తు. కొకైన్, 'ఐస్' అనే మెథాంఫెటమిన్ నిద్రనీ ఆకలినీ చంపి మనిషిని ఉరికిస్తాయి. మెదడులో డోపమైన్ అనే రసాయనం కట్ట తెగిన చెరువులా పారుద్ది. కంచె వదులై వైరస్‌కు దారి సులువవుద్ది. ఆ డోపమైన్ వల్ల కాపలా కణాల్లో వైరస్ ఇంకా పెరుగుద్దని ప్రయోగశాలల్లో తేలింది. నరాల కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాను రెండూ కలిసి దెబ్బతీస్తాయి.

అప్పుడు మనిషికి మరుపొస్తుంది. మొదలుపెట్టిన పని ముగించలేడు. ఊరికే కోపం. మాత్ర మరుస్తాడు. మరిస్తే వైరస్ పెరుగుద్ది, పెరిగితే ఇంకా మరుస్తాడు. "మాత్ర కూడా మింగలేవా?" అని మనం తిడతాం. ఆ మరుపే జబ్బని మనకు తెలియదు! సారా, గంజాయి ఈ జాతి మత్తులు కావు గానీ, మాత్ర మరిపించే పని అవీ చేస్తాయి.

దీనికి దారుంది. 2004 నుంచి ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి, పరీక్షలో హెచ్ఐవి ఉందని తేలిన ప్రతి ఒక్కరికీ వెంటనే మొదలుపెట్టాలన్నది విధానం. రోజూ వాడితే వైరస్ పరీక్షకు అందనంత తగ్గుద్ది. అట్లా తగ్గి ఉన్నన్నాళ్లూ ఆలుమగల కలయిక వల్ల ఎదుటి మనిషికి అంటదు. కొందరికి కాస్త మరుపు మిగలొచ్చు, పెద్ద దెబ్బ మాత్రం చాలావరకు తప్పుద్ది. ఉద్యోగంలో, బడిలో, ఆస్పత్రిలో, అద్దెఇంట్లో వివక్ష చూపకూడదని 2017 చట్టం చెబుతోంది.

మరి మనమేం చెయ్యాలి? లారీ మీద నిద్రాపుకోటానికని, పట్నంలో సరదాకని ఎవడైనా బిళ్లో పొడో ఇస్తే తీసుకోవద్దని పిల్లోళ్లకు చెప్పాలి. అలవాటు పడినోణ్ణి కొట్టకుండా, కట్టెయ్యకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. 1097కు ఫోన్ చేస్తే ఖర్చు లేకుండా హెచ్ఐవి గురించి సలహా చెబుతారు. జబ్బు మనిషి ఒప్పుకుంటే, నలుగురిలో రట్టు చెయ్యకుండా, మిరప కోతకి పోతా పోతా ఒక్క మాట అడగాలి: "తమ్ముడూ, మాత్ర వేసుకున్నావా?"

ఊరు మనల్ని వెలేసింది. మనం మనవాణ్ణి వెలెయ్యొద్దు. జై భీమ్!